షాబాదు బండల మీద మరక, డాబా మీద కుక్క గూడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఎండలు ముదిరిన కొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారుతుంది. చలికాలంలో కుక్కపిల్లల తిండి గురించి, వానకాలంలో వాటి చర్మం గురించి అడిగిన పాఠకులే వైశాఖం వచ్చేసరికి నీడ గురించి, దూప గురించి, గోమార్ల గురించి అడుగుతారు. ఈసారి అందిన వాటిలో ఐదు ఉత్తరాలను కొంత కుదించి ఇస్తున్నాను. నేను పశువైద్యురాలిని కాను. ఇరవై రెండేళ్లుగా నల్లగొండలో కుక్కలతోనూ పిల్లులతోనూ కలిసి బతుకుతున్న గృహిణిని. వైద్యానికి సంబంధించిన ప్రతి మాటనూ పశువైద్యులను అడిగి తెలుసుకున్న తర్వాతే రాస్తాను.

ప్రశ్న: మా ఇంట్లో అంతటా షాబాదు బండలే పరిచి ఉన్నాయి. మా నాలుగు నెలల కుక్కపిల్ల వరండాలో ఎప్పుడూ ఒకే మూలన మూత్రం పోస్తున్నది. వాసన పోవడం లేదని మావారు మొన్న ఆదివారం అక్కడ బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీద బాత్‌రూం కడిగే యాసిడ్ పోశారు. బుసబుసా పొంగి ఘాటైన పొగ లేచింది. అందరం దగ్గుతూ వాకిట్లోకి పరుగెత్తాము. కుక్కపిల్ల రెండు రోజులు దగ్గింది. ఇప్పుడు ఆ మూలన బండ తెల్లగా, గరుకుగా మారింది, వాసన మాత్రం మళ్లీ వస్తున్నది. ఏం చేయమంటారు? (ఒక గృహిణి, మిర్యాలగూడ)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను మొదట వెతికింది ఇంట్లో ఇంకా ఎవరికైనా దగ్గు మిగిలి ఉన్నదా అనే సంగతి. బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువైనది కాబట్టి తొందరగా పైకి పోకుండా నేలనే పట్టుకొని ఉంటుంది. అందువల్ల నిలబడి ఉన్న మనకంటే, నేలకు జానెడు ఎత్తులో ముక్కు ఉండే కుక్కపిల్లా, బండల మీద పాకే పసిబిడ్డా దానిని ఎక్కువగా పీలుస్తారు. మీ కుక్కపిల్లకు దగ్గు ఇంకా ఉన్నా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా ఈ రోజే పశువైద్యశాలకు తీసుకువెళ్లండి. మనుషుల్లో ఎవరికైనా ఆయాసం గానీ ఛాతీలో మంట గానీ ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. ఇకపై ఆ రెండింటినీ ఒకే గూట్లో పెట్టకండి. మూత్రం ఎండిన చోట బ్లీచింగ్ పౌడర్ ఒక్కటే చల్లడం కూడా మంచిది కాదు; మూత్రంలోని యూరియా నుంచి పుట్టిన అమ్మోనియాతో అది కలిసి, కళ్లనూ గొంతునూ మండించే మరో రకం వాయువును విడుస్తుంది.

ఇక బండ సంగతి. కలబురగి జిల్లా షాబాదు నుంచి వచ్చినా, మన వికారాబాదు జిల్లా తాండూరు గనుల నుంచి వచ్చినా ఈ బండలు సున్నపురాయి జాతివి. సున్నపురాయిని యాసిడ్ తినేస్తుంది; మీరు చూసిన ఆ పొంగులో బండ కరుగుతుండగా వెలువడిన కార్బన్ డయాక్సైడు కూడా ఉన్నది. పై పొర పోయి లోపలి గరుకుదనం బయటపడింది కాబట్టి, ఆ మూల ఇప్పుడు మునుపటి కంటే ఎక్కువగా మూత్రాన్ని పీల్చుకుంటున్నది, వాసన తిరిగి రావడానికి ఒక కారణం ఇదే. పోయిన నునుపును ఇంట్లో ఏ పొడితో రుద్దినా రప్పించలేము. బండలకు పాలిష్ పట్టేవారిని పిలిచి ఆ నాలుగైదు బండలు మాత్రం మిషనుతో పట్టించుకొని, సందులను తెల్ల సిమెంటుతో పూడ్పించుకోవడం మేలు. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ కూడా ఈ బండలకు శత్రువులేనని గుర్తుంచుకోండి. మా వంటింట్లో ఒక నిమ్మచెక్క రాత్రంతా బండ మీద ఉండిపోతే పడిన గుండ్రని మచ్చ పన్నెండేళ్లుగా అలాగే ఉన్నది.

మూత్రం పోసిన వెంటనే పాత నూలు బట్టతో అద్దాలి. తుడిస్తే పక్క బండలకు పాకుతుంది. తర్వాత బట్టల సబ్బు పొడిని కొద్దిగా కలిపిన నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో రెండుసార్లు కడిగి, ఆరిన తర్వాత వంటసోడా పలుచగా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున ఊడ్చివేయండి. వంటసోడా ఈ రాయికి హాని చేయదు. పాత వాసన బాగా పట్టిన చోటుకు, పెంపుడు జంతువుల సామగ్రి అమ్మే దుకాణాలలో ఎంజైములతో చేసిన ద్రావణం దొరుకుతుంది, దాని ఖర్చు పాలిష్ ఖర్చు కంటే తక్కువే.

కుక్కపిల్ల విషయంలో మీరు తొందరపడకూడదు. నాలుగు నెలల పిల్ల పగటిపూట మూడు నాలుగు గంటల కంటే ఎక్కువసేపు మూత్రాన్ని ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ముగియగానే వాకిట్లో ఒకే చోటికి తీసుకువెళ్లి నిలబడండి. అక్కడ పోస్తే ఆ క్షణంలోనే మెచ్చుకొని చిన్న రొట్టెముక్క పెట్టండి. ఇంట్లో పోసినప్పుడు ముక్కును దానికి రుద్దించే అలవాటు మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఉన్నది. దానివల్ల కుక్కపిల్ల మనుషుల కంట పడకుండా మంచం కింద పోయడం నేర్చుకుంటుంది తప్ప బయట పోయడం నేర్చుకోదు.

ప్రశ్న: నేను పదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాను. మా నాన్న సాయంతో రెండు వారాలు కష్టపడి డాబా మీద ఇనుప రేకులతో మా కుక్కకు గూడు కట్టాను. నీలం రంగు కూడా వేశాను. కానీ అది లోపలికి పోవడం లేదు, మెట్ల కిందనే పడుకుంటున్నది. బలవంతంగా లోపల పెడితే అరుస్తున్నది. నేను చేసిన తప్పేమిటి? (ఒక విద్యార్థి, జడ్చర్ల)

జవాబు: బాబూ, రెండు వారాల పాటు ఒక పనిని పట్టు విడవకుండా పూర్తి చేయడం నీ వయసులో చిన్న విషయం కాదు. నీ పనితనంలో లోపం లేదు, స్థలంలోనూ రేకులోనూ ఉన్నది. మన పాలమూరు ఎండల్లో డాబా సిమెంటు పగలంతా కాగి, పొద్దు గూకిన తర్వాత కూడా చాలాసేపు వేడిని విడుస్తూనే ఉంటుంది. ఇనుప రేకు పైనుంచి ఎండను పట్టి లోపలికి దించుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్లలో కొద్దిగా పడుతుంది, మిగిలిన వేడినంతా నాలుక చాపి రొప్పుతూ బయటికి పంపాలి. చుట్టూ ఉన్న గాలే కాగిపోయి ఉంటే రొప్పినా లాభం ఉండదు. మధ్యాహ్నం నీ అరచేతి వెనుక భాగాన్ని డాబా మీద ఆనించి ఐదు సెకన్లు ఉంచి చూడు. ఉంచలేకపోతే దాని పాదాలకూ అది నిప్పే. అందువల్ల మెట్ల కింద నీడను ఎంచుకొని నీ కుక్క సరైన పనే చేసింది. దానిని మళ్లీ బలవంతంగా లోపల పెట్టవద్దు.

గూటిని విప్పి కిందికి దించు. వాకిట్లో వేపచెట్టు ఉంటే దాని కింద, లేకపోతే ఇంటికి తూర్పు వైపు గోడ నీడలో పెట్టాలి. ద్వారం తూర్పుకో ఉత్తరానికో ఉండాలి. మన దగ్గర వేసవి వడగాలీ, ఆ తర్వాత వచ్చే వానజల్లూ ఎక్కువగా పడమర వైపు నుంచే కొడతాయి కాబట్టి ఆ వైపు గోడ మూసి ఉండాలి. నేల మీద నేరుగా పెట్టకుండా నాలుగు మూలలా రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేస్తే కింద గాలి ఆడుతుంది, చెదలు పట్టదు, వాన నీళ్లు లోపలికి రావు. గోడలకు రేకు తీసేసి, సామాను పెట్టెల చెక్కలు గానీ పాత తలుపు చెక్కలు గానీ వాడు. ప్రతి మేకు మొననూ వంచి సుత్తితో కొట్టి, లోపలి వైపంతా చేత్తో తడిమి చూడాలి, ఎందుకంటే నీ చేతికి తగలని మేకు దాని కంటికి తగలవచ్చు.

కొలతలు నీ కుక్కను బట్టి తీసుకోవాలి. అది పక్కకు పడుకొని కాళ్లు చాపినప్పుడు ముక్కు నుంచి తోక మొదలు దాకా ఎంత పొడవు ఉన్నదో దానికి నాలుగో వంతు కలిపితే గూటి పొడవు వస్తుంది. నిలబడినప్పుడు తల అందే ఎత్తుకు ఒక బెత్తెడు కలిపితే గూటి ఎత్తు. పైకప్పుకు నీ దగ్గరున్న రేకునే వాడుకోవచ్చు, అయితే రేకుకు అడుగున జానెడు ఖాళీ వదిలి చెక్కతో మరో కప్పు ఉండాలి. ఆ ఖాళీలో గాలి ఆడుతూ వేడిని తీసుకుపోతుంది. రేకు మీద తాటికమ్మలు రెండు వరుసలు పరిచి నులక తాడుతో కట్టు. కమ్మలు దొరకకపోతే జొన్నసొప్ప కట్టలైనా సరే. అవీ లేకపోతే సున్నం రెండు పూతలు వేసినా తెల్లదనం ఎండను తిప్పికొడుతుంది. లోపలి వైపు మాత్రం ఏ రంగూ వేయవద్దు, ఎనామిల్ రంగును కుక్క నాకుతుంది.

పడమటి గోడకు బయట గోనెసంచి వేలాడదీసి పగలు మూడు నాలుగు సార్లు తడిపితే పొడి ఎండల్లో లోపల చల్లబడుతుంది. మృగశిర కార్తె వానలు మొదలైన తర్వాత దానిని తీసివెయ్యి, గాలిలో తేమ ఉన్నప్పుడు అది చల్లబరచదు, పైగా బూజు పడుతుంది. వెడల్పాటి మట్టి పాత్రను సగం వరకు మట్టిలో పాతి అందులో నీళ్లు పోస్తే తొందరగా కాగవు, బోర్లపడవు. మీరు తాగే నీళ్లే దానికీ పొయ్యండి. మా నల్లగొండ వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడు మనుషుల ఎముకలనూ పళ్లనూ ఎంత దెబ్బతీసిందో లోకానికి తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు మనుషులకు తగవని చెప్పుకుంటాము గానీ, అదే నీళ్లు తాగిన పశువుల పళ్లు కూడా మచ్చలు పడి అరిగిపోవడం నేను కళ్లారా చూశాను.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎండకు తిరిగి వచ్చిన కుక్క ఆగకుండా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, చిగుళ్లు ముదురు ఎరుపెక్కి తూలుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి, ఫ్యాను కింద పెట్టి, పశువైద్యుని దగ్గరికి బయలుదేరాలి. ఐసు నీళ్లు పోయవద్దు. 

ప్రశ్న: మా కుక్కకు చెవుల్లో, కాళ్ల వేళ్ల సందుల్లో గోమార్లు నిండిపోయాయి. పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందును నీళ్లలో కలిపి పూస్తే చస్తాయని ఊళ్లో ఒక పెద్దాయన చెబితే మా తమ్ముడు అలాగే పూశాడు. గంట లోపల కుక్క చొంగ కారుస్తూ వణికిపోయింది. పశువుల డాక్టరు గారు సూదులు వేసి బతికించారు. ఇరవై రోజులకే గోమార్లు మళ్లీ వచ్చాయి. వేపనూనె రాస్తే పోతాయా? (ఒక రైతు కుటుంబం, చండూరు)

జవాబు: అది బతికినందుకు మీతో పాటు నాకూ మనసు తేలికపడింది. ఈ విషయాన్ని నేను కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే పత్తి పండించే మన పల్లెల్లో ఈ పూతను నమ్మి కుక్కలను పోగొట్టుకున్నవారి ఉత్తరాలు నాకు ప్రతి ఏడూ వస్తున్నాయి. చేనుకు కొట్టే మందుల్లో చాలావాటిని చర్మం పీల్చుకుంటుంది, ఆ పైన కుక్క తన ఒళ్లు తాను నాకి మిగిలింది కడుపులోకి పంపుతుంది. ఆర్గనోఫాస్ఫరస్ జాతి మందులైతే నరాలు అదుపు తప్పి చొంగ, వణుకు, వాంతులు, ఊపిరాడకపోవడం వరుసగా వస్తాయి. అటువంటప్పుడు చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కొని, సబ్బుతో దాని ఒళ్లు కడిగి, మందు డబ్బాను వెంట తీసుకొని పశువైద్యశాలకు వెళ్లాలి. డబ్బా మీద ఉన్న పేరును చూస్తేనే డాక్టరుకు విరుగుడు తొందరగా తేలుతుంది. పూసిన మనిషి కూడా చేతులు కడుక్కొని బట్టలు మార్చుకోవాలి.

గోమార్లు తిరిగి రావడానికి కారణం మీ కుక్క ఒంటి మీద కంటే మీ ఇంటి గోడల్లోనే ఎక్కువగా ఉన్నది. కుక్కను పట్టే గోధుమ రంగు గోమారు జీవితంలో మూడుసార్లు మాత్రమే రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ కింద పడి, ఏదో ఒక సందులో దాగి, పొర విడిచి పెద్దదవుతుంది. చివరిసారి తాగిన ఆడది గోడ పగులులో వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. పెద్ద గోమారు తిండి లేకుండా నెలల తరబడి కాచుకొని ఉండగలదు. కుక్క ఒంటి మీద ఉన్నవన్నీ చచ్చినా, పశువుల కొట్టం గోడలో, గడప కింద, బండల సందుల్లో ఉన్నవి మళ్లీ ఎక్కుతాయి. అందువల్ల పగుళ్లను సిమెంటుతోనో సున్నపు గచ్చుతోనో నింపండి. కుక్క పడుకునే గోనెసంచులను కాల్చివేసి కొత్తవి వేయండి, వారానికోసారి మరిగే నీళ్లలో తడిపి ఎర్రటి ఎండలో ఆరవేయండి. కుక్క మెడలో, చెవుల్లో, వేళ్ల సందుల్లో రోజూ చూసి, కనిపించిన దానిని చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని తిన్నగా లాగి సబ్బు నీళ్లలో వేయండి. వేళ్ల మధ్య నలపకూడదు. కిరోసిన్ పోయడం, బీడీ చుర్క పెట్టడం అసలే కూడదు.

వేపనూనె వాసనకు కొన్ని దూరంగా ఉంటాయేమో గానీ, పట్టినవాటిని అది వదిలించలేదు. చిక్కగా రాస్తే చర్మం మండి కుక్క గోక్కుంటుంది. మెడ వెనుక వేసే చుక్కల మందు, తినిపించే మాత్ర ఇప్పుడు దొరుకుతున్నాయి. కుక్క బరువును తూచి, వయసు చూసి డాక్టరు రాసిన మోతాదే వాడాలి. మీ ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఒక మాట: కుక్కల చుక్కల మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది, అది పిల్లి ప్రాణం తీస్తుంది. మీ కుక్క ఈ నెలలో తిండి మానినా, జ్వరం వచ్చినా, ముక్కు వెంట రక్తం కారినా, చిగుళ్లు పాలిపోయినా రక్త పరీక్ష చేయించండి. గోమారు కాటుతో వచ్చే జ్వరాన్ని తొలి రోజుల్లోనే పట్టుకుంటే మందుతో తగ్గుతుంది.

ప్రశ్న: మా కుక్క నిన్న మధ్యాహ్నం మామిడి టెంకను చీకుతూ చీకుతూ మింగేసింది. ఈ పొద్దుటి నుంచి తాగిన నీళ్లు కూడా కక్కుతున్నది. ఉప్పు నీళ్లు తాగిస్తే టెంక బయటికి వస్తుందా? (ఒక పాఠకుడు, కొల్లాపూర్)

జవాబు: మీ ఉత్తరం అందిన వెంటనే ఫోనులో చెప్పిందే ఇతరుల కోసం ఇక్కడ రాస్తున్నాను. ఉప్పు నీళ్లు తాగించకూడదు, రక్తంలో ఉప్పు పెరిగి అదే ప్రాణాపాయమవుతుంది. పైగా వాంతిలో పైకి వచ్చిన టెంక గొంతులో అడ్డం పడవచ్చు. నీళ్లు కూడా నిలవడం లేదంటే టెంక పేగులో ఇరుక్కున్నదని అనుమానించి అదే రోజు ఆపరేషన్ వసతి ఉన్న పశువైద్యశాలకు చేర్చాలి. టెంక ఎక్స్-రేలో ఎముకలా స్పష్టంగా కనిపించకపోవచ్చు కాబట్టి ఏం మింగిందో, ఎప్పుడు మింగిందో మీరే ముందుగా చెప్పాలి. మీ కుక్కకు ఆపరేషన్ చేసి టెంక తీశారని, అది గంజి తాగుతున్నదని తెలిసి సంతోషించాను. మామిడిపండ్లకు పేరుపడిన మీ కొల్లాపూర్‌లో వేసవి పొడుగునా ప్రతి వాకిట్లో టెంకలు పడి ఉంటాయి. మూత ఉన్న డబ్బాలో వేసే అలవాటు ఇంటిల్లిపాదికీ ఉండాలి.

ప్రశ్న: మా అమ్మాయిని ఏడో నెలలో తొలి కాన్పుకు తీసుకువచ్చాము. మా ఇంట్లో ఆరేళ్లుగా పిల్లి ఉన్నది. పిల్లి వల్ల కడుపులోని బిడ్డకు కీడు జరుగుతుందని, దానిని ఊరి బయట వదిలేయమని వియ్యపురాలు అంటున్నారు. అమ్మాయి ఏడుస్తున్నది. మేము ఏం చేయాలి? (ఒక తల్లి, వనపర్తి)

జవాబు: అమ్మా, మీ వియ్యపురాలి భయానికి ఆధారం లేకపోలేదు, కాబట్టి ఆమె మాటను కొట్టివేయకుండా కూర్చోబెట్టి ఈ వివరం చెప్పండి. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లి మలంలో ఉండవచ్చు. గర్భిణికి అది తొలిసారిగా సోకితే బిడ్డకు చేరే ప్రమాదం ఉన్నది. అయితే పిల్లి దానిని సాధారణంగా తనకు మొదటిసారి సోకినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాల పాటు మాత్రమే విడుస్తుంది. విడిచిన మలం కూడా ఒకటి నుంచి ఐదు రోజులు గడిచిన తర్వాతే ఇతరులకు సోకే స్థితికి వస్తుంది. అంటే, మలాన్ని ప్రతి రోజూ, అమ్మాయి కాకుండా మరొకరు తీసివేస్తే ప్రమాదం చాలా వరకు తొలగిపోతుంది. పిల్లిని తాకడం కంటే సరిగ్గా ఉడకని మాంసం, కడగని కొత్తిమీర, తోటకూర, పెరటి మట్టి పట్టుకున్న చేతులు ఈ జబ్బును ఎక్కువగా తెచ్చిపెడతాయి. కాన్పు చూసే డాక్టరమ్మను అడిగితే రక్త పరీక్ష చేయిస్తారు. ఆరేళ్లు ఇంటి తిండి తిన్న పిల్లి ఊరి బయట ఎలుకను పట్టుకోలేక, కుక్కలకు చిక్కి చచ్చిపోతుంది. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

పిల్లికి మలవిసర్జన పెట్టెను మీరే చేసుకోవచ్చు. పాత ప్లాస్టిక్ టబ్బులో మూడు అంగుళాల మందాన జల్లించిన ఇసుక పోసి, పైన వడ్ల ఊక పలుచగా చల్లి, వంటింటికీ అమ్మాయి గదికీ దూరంగా పెరటి సాయబానులో పెట్టండి. రోజూ పొద్దున మీరే చిన్న పారతో తీసి, కాగితంలో చుట్టి పారవేయండి. వారానికోసారి ఇసుక మార్చి టబ్బును మరిగే నీళ్లతో కడగండి, ఫినాయిల్ మాత్రం వాడకండి. అందులోని ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి శరీరం జీర్ణించుకోలేదు. పడుకోవడానికి దానికి ఒక చోటు అలవాటు చేయకపోతే అది ఊయలనే ఎంచుకుంటుంది. కాబట్టి మూడడుగుల కర్రకు జనపనార తాడు బిగుతుగా చుట్టి, కింద బరువైన చెక్క పలక కొట్టి, పక్కనే అమ్మాయి పాత చీర మడిచి వేసిన గంప పెట్టండి. తాడును గీరుకొని గంపలో పడుకోవడం దానికి రెండు వారాల్లో అలవాటవుతుంది. బిడ్డ పుట్టేదాకా ఆగకుండా ఊయలకు దోమతెరను ఇప్పుడే కట్టి ఉంచండి, ఊయల ఉన్న గదిలోకి పిల్లి రాకుండా రాత్రిపూట తలుపు వేయడం కూడా ఈ వారం నుంచే మొదలుపెట్టండి.